సినిమా హాలు నుంచి కుట్టు షాపు దాకా ఒకే తీగ

లిఫ్టులు బాగుచేసి రిటైరైన నేను, ఒంట్లో ఓపిక తగ్గినా మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. వెలిగే తీగ మొదటి చుట్ట ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నా మతి గురించి మా ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నాయి కాబట్టి ఆ కాగితం అవసరమైంది. గతంలో రాసిన వీలునామాలు ఇందుమూలంగా రద్దు.

దీన్ని అమలు జరిపే బాధ్యత ఎదురింటి మందుల షాపాయనది. మా ఇంట్లో అందరి బీపీ ఆయనకు తెలుసు. ఎవరితో ఎంత గొంతుతో మాట్లాడాలో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు నా భార్య బతికున్నంత కాలం ఆమెదే. ఆమె తదనంతరం కొడుకూ కూతురూ చెరిసగం తీసుకోవాలి. అడ్డుగోడ ఎక్కడ కట్టుకుంటారో వాళ్లిష్టం.

2. ముందు గదిలో బల్ల మీద ఉన్నది, పెళ్లయిన కొత్తలో మేము కాపురమున్న వీధి నమూనా. సినిమా హాలు, బేకరీ, సైకిల్ షాపు, చివర నా భార్య నడిపిన కుట్టు షాపు. అన్నీ అగ్గిపెట్టెలంత. వాటి బోర్డుల అంచునా, కిటికీల చుట్టూ, గోడల లోపలా ఒకే తీగ తిరుగుతుంది. ఎటు కావాలంటే అటు వంగుతుంది, కరెంటిస్తే పొడవంతా వెలుగుతుంది. దీని మీద నేను డబ్బు తగలేశానని బంధువులు చెప్పుకునేది నిజమే. ఫ్రిజ్ కొనాల్సిన బోనస్ ఒక ఏడు నీలం తీగకు పోయింది. నీలం వెలుగులో బేకరీ ఆసుపత్రిలా కనిపించింది కాబట్టి మరుసటి ఏడు బోనస్ నారింజ తీగకు పోయింది. "మనుషులు లేని వీధికి ఇన్ని దీపాలెందుకండీ" అని నా భార్య అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా నేను ఇంకో కిటికీ చుట్టూ తీగ తిప్పేవాణ్ణి. ఈ వీధి ఆమెకే చెందాలి.

3. నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో నా కొడుకు టేపు పట్టుకొచ్చి ఆ బల్లను కొలిచాడు. బ్యాంకు ఉద్యోగి కదా, లెక్క తప్పలేదు. సినిమా హాలు వైపు తనకు, కుట్టు షాపు వైపు చెల్లెలికి. స్కూలు టీచరైన మా అమ్మాయి కూడా తక్కువ తినలేదు. సైకిల్ షాపు ఎవరి వాటాలోకి వస్తుందో తేలాలంటూ తనే సుద్దతో గీత గీసింది. ఆ గీత దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. నేనింకా పోలేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. గుండె నొప్పికి మాత్ర ఇచ్చారు గానీ, ఇంటికొచ్చి ఆ గీత చూసినప్పుడు కలిగిన బాధకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

వాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. కరెంటు సినిమా హాలు వెనక నుంచి వస్తుంది. తీగను ఎక్కడ కోస్తే అక్కడి నుంచి అవతలంతా చీకటే. ఆ గీత మీద కోస్తే ఆరిపోయేది వాళ్లమ్మ షాపు. అందుచేత వీధిని కోయడం, విడదీయడం, విడిగా అమ్మడం చెల్లదు.

4. కొడుక్కి ప్రత్యేకంగా: ఆ టేపు. అది నాదే, ఇంతవరకూ తిరిగివ్వలేదు. కూతురికి: మిగిలిన సుద్దముక్క.

5. పందిళ్లకు కట్టే సీరియల్ బల్బులు చుట్టేస్తే సరిపోయేదని ఇన్నేళ్లూ నా చెవిలో జోరీగలా పోరిన బావమరిదికి ఏమీ లేదు. ఆస్తిలో ఏమీ రానివాడే సాక్షిగా పనికొస్తాడని వకీలు చెప్పాడు. ఆ అర్హత అతనికి నిండుగా ఉంది.

6. ఈ తీగ వెలిగేకొద్దీ మసకబారుతుంది. ఇప్పటికే కుట్టు షాపు బోర్డు చదవడం కష్టమవుతోంది. బీరువాలో చీరల వెనక విప్పని నారింజ చుట్ట ఒకటి దాచాను. ఎందుకు కొన్నానో ఇప్పుడు అడిగి లాభం లేదు. అది కొడుక్కీ కూతురికీ ఉమ్మడిగా చెందుతుంది.

పాతది తీసి కొత్తది ఎక్కించడం ఒక్కరి వల్ల కాదు. సినిమా హాలు దగ్గర ఒకరు తోయాలి, కుట్టు షాపు దగ్గర ఇంకొకరు లాగాలి. లేకపోతే బేకరీ లోపల మడత పడి విరుగుతుంది. ఇన్నేళ్లూ నేను తోశాను, వాళ్లమ్మ లాగింది. సూదిలో దారం ఎక్కించిన వేళ్లవి, ఒక్కసారి కూడా మడత పడనివ్వలేదు. లాగినంతసేపూ నన్ను తిట్టేది. ఆ తిట్లు వింటూ తీగ తోయడం కంటే నాకు నచ్చిన పని ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి.

కాబట్టి ఆమె బతికుండగానే, ఆమె కుర్చీలో కూర్చుని చూస్తుండగా, అన్నాచెల్లెళ్లిద్దరూ కొత్త తీగ ఎక్కించాలి. బోర్డు వెలిగిందని మందుల షాపాయన కళ్లారా చూసి సంతకం పెడితేనే ఒకటో అంశంలోని పంపకం చెల్లుతుంది. లేదంటే ఆమె తదనంతరం ఇల్లంతా బావమరిదికి పోతుందని రాద్దామనుకున్నాను గానీ, అప్పుడు సాక్షి దొరకడు. మందుల షాపాయనకు రాస్తున్నాను. తన లాభం కోసం సంతకం ఆపే మనిషి కాదాయన.

తీగ ఎక్కించేటప్పుడు "కొంచెం ఆగు", "ఇప్పుడు లాగు" అని ఒకరికొకరు చెప్పుకోక తప్పదు. అంతకు మించి మాట్లాడుకోమని నేను అడగడం లేదు.

తేదీ: 09-08-2023, బుధవారం

(సంతకం) లిఫ్టు మెకానిక్, రిటైర్డ్

సాక్షులు:
1. పక్కవాటా బడి గుమస్తా. చదివి సంతకం పెట్టారు.
2. బావమరిది. చదవకుండా పెట్టాడు.