పెరట్లో కోత మిషను

నాయనా అల్లుడుగారూ,

మీరు అక్కడ వంతెన పనిలో జాగ్రత్తగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం అని రాద్దామనుకున్నా గానీ నేను బాగోలేను. ఒంట్లో ఏమీ లేదు, గుండెల్లోనే దడ. ఫోన్లో చెప్పుకుందామంటే మీ ఆవిడ గోడకి అవతలున్నా వింటుంది, దాని చెవులు అలాంటివి. అందుకే ఈ కోడిగీతలు. కూడబలుక్కుని చదువుకోండి.

పెరట్లో పనసచెట్టు గాలికి పడి నా గది కప్పు కూలిందని మీకు తెలుసు. ఆ సమయానికి నేను వంటింట్లో ఉండబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కట్టెల డిపో ఆయన వచ్చి చూసి, పొయ్యిలోకి పనికొస్తుంది, పట్టుకుపోతానన్నాడు. “ఇంత చేవ ఉన్న మాను మీ కళ్లకి పొయ్యికట్టెలా కనిపించిందా?” అని మీ ఆవిడ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే, ఆ మానుతోనే నా గదికి కప్పు వేస్తానని కోత మిషను తెచ్చింది. దుంగల్ని మిల్లుకి పంపడం కాదు నాయనా, మిల్లునే జీపు వెనక కట్టి ఇంటికి లాక్కొచ్చింది!

రెండు పొడుగాటి ఇనప పట్టాలు. వాటి మీద ముందుకీ వెనక్కీ నడిచే ఇంజను. ఆ ఇంజనుకి రెండు చక్రాలు, వాటి చుట్టూ పట్టీలా గిర్రున తిరిగే రంపం. రెండు వేళ్ల వెడల్పుంటుంది, అట్టముక్కంత మందం, దాని పళ్లు చూస్తేనే నాకు వణుకు. దుంగని కొక్కేలతో బిగించి, మీ ఆవిడ ఆ ఇంజనుని నెట్టుకుంటూ నడుస్తుంది. పనస జిగురు అంటుకోకుండా రంపం మీద సబ్బునీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. అటు కొసకి చేరేసరికి పలక ఊడివస్తుంది.

చూడ్డానికి బాగుంటుందా అంటే బాగుంటుంది, అబద్ధం ఎందుకు. మొదటి బెరడుచెక్క తీసి పక్కన పెట్టగానే లోపల పచ్చగా, అప్పుడే నూరిన పసుపులా మెరిసిపోయింది. వీధి వీధంతా ప్రహరీ పట్టుకుని వేలాడింది. ఎదురింటి మేస్త్రీ అయితే “అమ్మగారూ, మీ అమ్మాయి బట్ట కత్తిరించినట్టు కోసేస్తోందండీ” అన్నాడు. అందరూ పలకని చూశారు. నేను దాని వేళ్లని చూశాను. ఇన్నేళ్లు కుట్టుమిషను మీద పనిచేసిన వేళ్లు. సూది గుచ్చుకుంటేనే నోట్లో పెట్టుకుని ఊదేదాన్ని. ఈ రంపం ముందు ఊదడానికేం మిగులుతుంది చెప్పండి?

వద్దే అంటే వినదు. మోత తగలకుండా నా చెవులకి డొప్పలు తగిలించి, వరండాలో కుర్చీ వేసి, “అమ్మా, నువ్వు ఇక్కణ్ణించి కదిలావో, ఊరుకోను” అంది. నన్ను! దానికి నడక నేర్పినదాన్ని!

అందుకని ఒక పని చేశాను. పొద్దున్న అది పళ్లు తోముకుంటుంటే ఇంజను తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాను. గదికి కప్పు లేకపోతే పోయె, హాల్లో పడుకుంటాను. వాన వస్తే వచ్చె, ఆ గది తడుస్తుంది. పిల్ల వేళ్లు పోతే ఎక్కణ్ణించి తెస్తాం? మీరు మొగుడన్నట్టు కాస్త గట్టిగా ఒక ఉత్తరం రాయండి, మిషను వెనక్కి పంపించెయ్యమని. నేను రాయమన్నానని మాత్రం రాయకండి, మీకు పుణ్యముంటుంది.

మీ పిరికి అత్తయ్య


నాయనా అల్లుడుగారూ,

మీ ఆరోగ్యం ఎలా ఉంది? ఎండలో తలకి గుడ్డ కట్టుకుంటున్నారా? ముందు రాసినదంతా మర్చిపోండి.

ఆ రోజు మీ ఆవిడ తాళంచెవి కోసం ఇల్లంతా తిరగేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అనుమానమే రాలేదు దానికి. “నా చేతులే మంచివి కావు, ఎక్కడో జారవిడిచాను” అని తన్ను తానే తిట్టుకుంటూ, వంటింట్లో జల్లెడ తీసుకెళ్లి, పెరట్లో కుప్పపడిన రంపపు పొట్టంతా జల్లించడం మొదలుపెట్టింది. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, తలంతా పసుప్పచ్చగా. పైన చూస్తే మబ్బు. అది మాటిమాటికీ నా గది మొండిగోడల వంక, మబ్బు వంక చూస్తోంది. నా నెత్తి మీద కప్పు కోసమే అది పొట్టు జల్లిస్తోంది, నేనేమో తాళం నడుముకి దోపుకుని కుర్చీలో కూర్చున్నాను.

లేచి వెళ్లి జల్లెడలో పడేశాను.

తిడుతుందనుకున్నా. నా వంక చూసి, తాళం వంక చూసి, పొట్టులో కూలబడి పకపకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, “భయమైతే భయమని చెప్పొచ్చు కదమ్మా” అంది.

“చెబితే ఆపుతావా?”

“ఆపను. చూపిస్తాను, రా.”

ఇంజను ఆపే ఉంచి నన్ను దాని పక్కన నిలబెట్టింది. నా చేయి తీసి పిడి మీద పెట్టింది. “నా చేతులు రెండూ ఇక్కడుంటాయి. రంపం అదిగో, ఆ రేకు మూతలో ఉంటుంది. ఇంజను ఆగి, చక్రం ఆగాకే అటు వెళ్తాను. దుంగలో పాత మేకు ఉందేమోనని ముందే అయస్కాంతం పెట్టి వెతుకుతాను. ఇంకేం భయం, చెప్పు” అంది. నేను చాలా చెప్పాను. చున్నీ అన్నాను, జడన్నాను, కాలికింద జారే పొట్టన్నాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. జారే పొట్టు దగ్గర మాత్రం ఆగి, “అది నిజమే” అని చీపురు తెచ్చుకుంది. నాయనా, మనం కన్నది మనకంటే తెలివిగా ఎప్పుడయిందో తెలీదు, చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

అసలు సంగతి ఒకటి మీకే చెబుతున్నా. నాది సగమే భయం. తక్కిన సగం, ఆ కుర్చీ. ఇంట్లో ఇంత పని జరుగుతుంటే నన్నొక పక్కన కూర్చోబెట్టారే అని లోపల్లోపల మూలుగుతూ ఉన్నాను. అది కనిపెట్టిందో ఏమో, “నీకో పనుందమ్మా” అంది.

కోసిన పచ్చి పలకల్ని ఒకదాని మీద ఒకటి ఊరికే పడెయ్యకూడదట. నడుమ సన్నటి బద్దలు పెట్టి పేర్చాలి, గాలి ఆడాలి. పై వరస బద్ద సరిగ్గా కింద వరస బద్ద మీదే రావాలి, ఇసుమంత పక్కకి జరిగినా ఆరేలోగా పలక వంకర పోతుంది. వాసాలు పచ్చివే కప్పుకి ఎక్కించొచ్చట, పలకలకి మాత్రం ఏడాది పడుతుంది. ఆ బద్దల పని నాది. పెట్టిన బద్దనే పదిసార్లు వంగి చూస్తాను, తిరిగొచ్చి మళ్లీ చూస్తాను. మేస్త్రీ తన తూకం గుండు దారంతో వేలాడదీసి చూసి, “నిలువుగా ఉందండీ!” అని బుగ్గ నొక్కుకున్నాడు. “ఈ పనికి మా అమ్మలాంటి భయస్తులే కావాలి. ధైర్యం ఉన్నవాళ్లు ఒకసారి చూసి వెళ్లిపోతారు” అంది మీ ఆవిడ. జన్మలో నా భయాన్ని ఎవరూ మెచ్చుకోలేదు నాయనా.

నిన్న నా గది మీదకి వాసాలెక్కాయి. మీ గట్టి ఉత్తరం కూడా నిన్ననే వచ్చింది. దాని చేతికే ఇచ్చాను. చదివి, “పాపం ఆయన, నువ్వు చెప్పినట్టే రాశారు, ఒక్క ముక్క సొంతం లేదు” అంది. మీ మీద కోపమేమీ లేదు. ఇంకో ఉత్తరం రాయండి, ఈసారి మెచ్చుకుంటూ.

భయం పోయిందా అంటే పోలేదు. రోజూ పని అయ్యాక పెరట్లో కుళాయి దగ్గర దాని చేతులు నేనే కడిగి, వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెడుతున్నాను. చిన్నపిల్లలా నిలబడి కడిగించుకుంటుంది. నిన్న కడగడం అయ్యాక నా చేతులు లాక్కుని, జిగురు పోయేలా రుద్దుతూ అది లెక్కపెట్టింది. నావి కూడా పదీ ఉన్నాయట.

బద్దలు పేర్చే మీ అత్తయ్య