బిడ్డ పాలు తాగేంతసేపు

స్వర్గస్థురాలైన ఎల్లమ్మకు, మీ ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయుడు వ్రాయునది. తేదీని, ఊరి పేరును కావాలనే వ్రాయడం లేదు.

నీవు దొర పొలంలో వెట్టికి నాట్లు వేస్తుండగా, గట్టున నీ పసిబిడ్డ ఆకలితో ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. పాలిచ్చి వస్తానని నీవు వేడుకుంటే దొర, "పొద్దు గూకినంక ఇచ్చుకో" అన్నాడు. బిడ్డ ఆ వానకాలం దాటలేదు. మరుసటి ఏడు నీవూ వెళ్ళిపోయావు.

నిన్న అదే దొర గడీ విడిచి పట్నానికి పోతుండగా, సరిగ్గా మీ ఇంటి ముందు బండి ఇరుసు విరిగింది. బండిలో ఆయన కూతురు, ఆమె ఒడిలో గుక్కపట్టి ఏడుస్తున్న పసిపాప ఉన్నారు. మీ అత్త లింగమ్మ బయటికి వచ్చి, "రా బిడ్డా, లోపల కూసోని పాలియ్యి" అని ఆమెను పిలిచింది. వెనుకనే రాబోయిన దొరను గడప దగ్గర ఆపింది.

"లోపల పాలిచ్చే తల్లి ఉన్నది దొరా. మొగోళ్ళు ఆడనే నిలబడాలె."

మిట్టమధ్యాహ్నపు ఎండలో దొర నిలబడ్డాడు. కొంతసేపటికి, "ఇంకెంత సేపే?" అన్నాడు.

"పిల్ల తాగుతాంది. ఇంక పొద్దు గూకలే గద, ఏం తొందర?" అన్నది మీ అత్త.

నా గొడుగు నా చేతిలోనే ఉంది. నేను ఇవ్వలేదు. ఆయన తలపాగా తడిసి మెడ మీదికి చెమట కారుతుంటే, అరుగు మీద కూర్చుని తృప్తిగా చూశాను.

నీకు చదువు రాదు. అక్కడ అక్షరాలు తెలిసినవారెవరితోనైనా ఈ ఉత్తరాన్ని బిగ్గరగా చదివించుకో. దొర ఎండలో నిలబడిన వాక్యాన్ని మాత్రం రెండుసార్లు చదవమను.