వంతెన దాటాక ఊడ్చే ఇల్లు

జన్నారం,
శుక్రవారం.

మస్కట్‌లో ఉన్న సంపత్ గారికి,

నమస్కారం. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాననుకోకండి, జ్వరాలూ దగ్గులూ నిజంగానే ఏమీ లేవు. మీరు బాగున్నారని, కాస్త ఒళ్ళు కూడా చేశారని అక్కడ మీతో ఉండే లక్ష్మణ్ చెప్పాడు. సెలవు మీద వచ్చిన మనిషి పొద్దున్నే మీ ఉత్తరం చేతిలో పెట్టి, చాయ్ కూడా తాగకుండా తల వంచుకొని పోయాడు. అతనికి సంగతి తెలుసని అప్పుడే అర్థమైంది.

ఫోన్‌లో మాట్లాడే మనిషి ఉత్తరం రాశారంటే నోటితో చెప్పలేనిదేదో ఉన్నట్టే కదా. ఇక రానని, అక్కడే ఒకామెతో ఉంటున్నానని, పెద్దమనుషుల్లో కూర్చొని తెంపుకుందామని ఉత్తరం చివర్లో రాశారు. దానికి జవాబు నేనూ చివర్లోనే రాస్తాను. ముందు మీరు అడిగినవి చెప్పనివ్వండి.

అత్తమ్మ మోకాళ్ళు చలికి పట్టేస్తున్నాయి. ఆసిఫాబాద్ నుంచి ఎవరో తెచ్చిన నూనె రాస్తున్నాను. గుణం నూనెదో, నా చేతిదో గానీ, నిన్న వాకిలి దాకా నడిచింది.

పని బాగానే నడుస్తోంది. "ఊరోళ్ళ తాళంచెవులు మోసుడు గూడ ఒక బిజినెస్సేనా?" అని మొదట్లో మీరు నవ్వారు. నవ్వండి. దుబాయిలో ఉన్న కొమురెల్లి ఇల్లు, కరీంనగర్‌లో స్థిరపడ్డ ఓంప్రకాశ్ సార్ ఇల్లు, ఇంకా రెండు మూడు, అన్నీ తాళాలు పడి చెదలు పట్టేవి. ఇప్పుడు అడవి చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు వాటిలో దిగుతున్నారు. ఫోన్‌లో బుకింగ్ తీసుకునేదీ, దుప్పట్లు మార్పించేదీ, మోటార్ చెడిపోతే మెకానిక్ వెంట తిరిగేదీ నేనే. మొన్న ఒకాయన, నా దగ్గర పనిచేసే సత్తమ్మను పట్టుకొని పులి కనిపిస్తుందా అని అడిగాడు. "నాకు రోజు కనవడితె నేనిక్కడ మీ దుప్పట్లు ఉతుకుతనా సారూ?" అంది.

సత్తమ్మతో గొడవ తీరిందా అని అడిగారు. తీరింది, ఆమె మాటే నెగ్గింది. దిగినవాళ్ళు ఇటు ఖాళీ చేసిపోగానే అటు ఊడ్చి, తుడిచి, తర్వాతి వాళ్ళకు ఇవ్వాలి. మా పనంతా అదే. సత్తమ్మ మాత్రం చీపురు ముట్టనంది. "మనిషి ఊరు దాటకముందే ఊడ్సుడేంది బిడ్డా? పీనుగ లేసినంక ఊడుస్తరు గట్ల. చుట్టాలు సల్లగ పోయి చేరద్దా?" అని అరుగు మీద కూర్చుంది. వాళ్ళు చుట్టాలు కాదు, డబ్బులిచ్చి ఉండేవాళ్ళని ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు కొత్తగా వచ్చినవాళ్ళు పిల్లలతో ఎండలో నిలబడ్డారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. వెళ్ళినవాళ్ళు గోదావరి వంతెన దాటి ఒక ఫోన్ చేయాలి, అప్పుడే చీపురు కదలాలి. చిత్రమేమిటంటే అందరూ మరవకుండా చేస్తున్నారు. "దాటినమమ్మా" అని చెప్పి, మళ్ళీ వస్తామని కూడా అంటున్నారు. మేం క్షేమంగా వెళ్ళామో లేదో కనుక్కునే హోటల్ ఎక్కడుంది అని ఒకామె మురిసిపోయింది.

ఇక మన పై గది. కిటికీలోంచి అడవి కనిపించే గది, అందరూ అదే అడుగుతారు, ఎందుకు ఇయ్యవని మీరు రెండుసార్లు అడిగారు. కప్పు కారుతోందన్నాను. కారడం లేదు. అబద్ధం చెప్పాను.

మీరు వెళ్ళిన రోజు అత్తమ్మే చెప్పింది, "వాడు చేరినంక ఊడుద్దువు తియ్" అని. చేరానని మీరు మూడో రోజుకు గానీ ఫోన్ చేయలేదు. అప్పటికే ఆ గదికి తాళం వేసేశాను. తర్వాత ఊడవబుద్ధి కాలేదు. సూట్‌కేసుకు కట్టగా మిగిలిన తాడు ముక్క, తలగడకు అంటిన మీ తలనూనె, చాయ్ తాగి కిటికీలో పెట్టిపోయిన గ్లాసు, అన్నీ అలాగే ఉంచాను. మీరు తిరిగొచ్చాకే ఊడుద్దామనుకున్నాను. పగలంతా సత్తమ్మ మూఢనమ్మకం మీద కోప్పడేదాన్ని. ఆమెది ఒక పూట ముచ్చట, నాది రెండు దసరాల ముచ్చట. మీరంటే నాకు అంత ప్రేమ సంపత్ గారూ. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది, అయినా అది నిజం.

ఈ పొద్దున మీ ఉత్తరం చదివి, చీపురు తీసుకొని పైకెక్కాను. సత్తమ్మ కింది నుంచి కేక వేసింది. "ఏందే వందనా, లచ్చన్న ఇంక సడక్ ఎక్కకపాయె, గప్పుడే చీపురు పట్టినవ్?"

"లక్ష్మణ్ పోయిండని కాదు సత్తమ్మా" అన్నాను.

ఆమె పైకి వచ్చి గది చూసింది. నా మొహం చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపుతుందనుకున్నాను, ఆపలేదు. కిందికి పోయి బకెట్‌తో నీళ్ళు తెచ్చింది. నేను ఊడ్చిన చోటల్లా వెనకే తుడుచుకుంటూ వచ్చింది. గ్లాసు కడిగి వంటింట్లో బోర్లించాను. తాడు ముక్కను ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నాను.

ఇదే మీ చివరి మాటకు నా జవాబు. పెద్దమనుషుల దగ్గరికి ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. కానీ అత్తమ్మకు నేను చెప్పను. "మావోడు ఏం రాసిండే?" అని పొద్దుటి నుంచి అడుగుతోంది. తన మోకాళ్ళ సంగతి అడిగారన్నాను. ఎంత మురిసిందో! మిగతాది మీరే చెప్పుకోండి. మీరు చెప్పినా చెప్పకపోయినా నూనె మాత్రం నేనే రాస్తాను.

పై గదిలోకి ఎల్లుండి కొత్తగా పెళ్ళైన జంట దిగుతోంది. వాళ్ళు వెళ్ళేటప్పుడు వంతెన దాటాక ఫోన్ చేస్తారు, అప్పటిదాకా చీపురు ముట్టం. మీరు మాత్రం ఇక నాకు ఫోన్ చేయనవసరం లేదు.

ఇట్లు,
మీ అమ్మ కోడలు,
వందన