ఈకల పురుగు

చెల్లాయీ, నేను కులాసాగానే ఉన్నాను. ఫోన్లో చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను.

చేపల కోసం గాలానికి ఈకలూ దారమూ చుట్టి ఉత్తుత్తి పురుగును కట్టడం నేర్చుకుంటున్నానని చెప్పాను కదా. ఊరికే దొరికే వీడియోలే నా గురువులు. మొదట్లో కట్టినవి పిగిలిన దిండులా ఉండేవి. ఆఖరికి ఒకటి అచ్చం ఈగలా కుదిరింది. ఆదివారం మా షెడ్డులో పనిచేసే వెల్డర్ మామతో చెరువుకు వెళ్లి, సంబరంగా విసిరాను. అది నీటిని తాకేలోపే ఎగిరే పురుగులను గాల్లోనే పట్టి తినే వానకోయిల పిట్ట ఒకటి దూసుకొచ్చి నోట కరుచుకుంది. గాలం మొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. గాలం సులువుగా ఊడొచ్చేలా దాన్ని ముందే పటకారుతో నొక్కేయమని వీడియోలో చెబుతుంటే, కట్టడం చూద్దామన్న తొందరలో ఆ ముక్క దాటేశాను. మామ పిట్టను గుప్పిట్లో పట్టుకున్నాడు. నేనెంత మెల్లగా తీసినా ముల్లు వదల్లేదు. మామ దగ్గర్నుంచి తీసుకున్నాక నా అరచేతిలోనే దాని ప్రాణం పోయింది.

"పిట్టే మోసపోయిందంటే నీకు పని పట్టుబడినట్టేరా" అన్నాడు మామ, ఓదార్పుగానే. నేను కట్టినదాన్ని నిజమని నమ్మిన మొదటి ప్రాణి అదే, చెల్లాయీ.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కొత్త కళ్లజోడు సరిపోయిందా? బావను ఇక నాకోసం ఈకలు పోగు చేయొద్దను. నా పాత స్వెట్టర్ మాత్రం పంపించు. అమ్మకు నమస్కారాలు, నీకు ఆశీస్సులు. చేపలేమైనా పడ్డాయా అని నాన్న అడిగితే, పడలేదని చెప్పు. అంతవరకే చెప్పు.

అన్నయ్య