గడపలో అడిగిన ప్రశ్న

పాతనగరం, విశాఖపట్నం
ఆగస్టు 1979

ఆరోగ్య సర్వే అధికారి గారికి,

మీ మీద గౌరవంతో ‘గారు’ అని రాయలేదు. మా అమ్మ పక్కన కూర్చుని రాయించింది.

మా వీధి డిస్పెన్సరీకి గురువారం గురువారం వచ్చే డాక్టరమ్మను మీ రిపోర్టు చూసి పైవాళ్ళు మాన్పించేశారు. ఇక్కడి ఆడవాళ్ళకు జబ్బులే లేవని అందులో మీరు రాశారట! ఎవరిని అడిగి రాశారు? మా బావ ఖాదర్‌ను గడపలో నిలబెట్టి అడిగారు. నేనూ పక్కనే ఉన్నాను.

“మీ ఇంట్లో ఆడవాళ్ళకి జబ్బులేమైనా ఉన్నాయా?” అన్నారు మీరు.

“మా ఆడోళ్ళకేటి బాబూ, అందరూ బాగున్నారు,” అన్నాడాయన.

పరాయివాడికి ఇంటి ఆడదాని జబ్బు చెప్పే మగాడు మా వీధిలో లేడు. నేను మీ గుమ్మంలోకి వచ్చి మీ ఆవిడ సంగతి అడిగితే మీరు చెబుతారా, నా చొక్కా పట్టుకుంటారా? ప్రజారోగ్యం మీద ఎన్నో కరపత్రాలు చదివాను. ప్రజలంటే మగవాళ్ళేనని ఒక్కదానిలోనూ లేదు.

ఆ తలుపు వెనకే మా అక్క చాంద్ సుల్తానా నిలబడి మీ మాటలన్నీ విన్నది. ఆవిడకు ఏడో నెల. కాళ్ళు, మొహం వాచిపోయాయి. మగ డాక్టరుకు చూపించుకోనంటుంది. పోయిన గురువారం డాక్టరమ్మ లేక ఊరికే తిరిగొచ్చింది.

ముందు డాక్టరమ్మను పంపండి. తరవాత సర్వేకు ఆడమనిషిని పంపండి, మా వాళ్ళు వంటింట్లో పీట వేసి అన్నీ చెబుతారు.

వచ్చే గురువారం దాకా చూస్తాను. డాక్టరమ్మ రాకపోతే అక్కను రిక్షా ఎక్కించి మీ ఆఫీసుకే తెస్తాను. మీ బల్ల ముందే కూర్చోబెడతాను. ఆవిడ మీతో ఒక్క మాటా మాట్లాడదు. ఆ కాళ్ళు చూస్తూ జబ్బు లేదని మళ్ళీ రాయండి.

చాంద్ సుల్తానా తమ్ముడు