ఒక్క చాప, ఇద్దరి నిద్ర

మంగళవారం, రాత్రి

మా రూంల చాప ఒక్కటే. అన్న నైట్ డ్యూటీకి పోతే దాని మీద డే షిఫ్ట్ రాజయ్య మామ పండుకుంటడు. పొద్దుగాల మామ లేస్తే అన్న ఒరుగుతడు. నాకు గోనెసంచే.

ఇయ్యాల రూం ఓనర్ వచ్చిండు. "ఈ జాగ ఫ్యాక్టరీలకే అని సర్కారోళ్లు రాసిన్రంట. రూములు కూలగొడ్తరు, ఖాళీ చెయ్యున్రి."

"యాడికి పోవాలె సేటు?" అన్నడు అన్న.

"కిష్టారెడ్డిపేట దిక్కు సూడున్రి."

"అక్కడ్నుంచి షిఫ్ట్ టైంకు బస్సే లేదు. సైకిల్ తొక్కొస్తే మిషన్ మీదనే గురకపెడ్త."

ఓనర్ నవ్విండు. ఆయన పోయినంక అన్న మెల్లగ అన్నడు, "నౌకరి ఇడిసి ఊరికి పోదాం రా, పొలం చేస్కుందాం."

ఏం పొలం? ఉన్నది ఎప్పుడో అమ్ముకున్నం, కొన్నోళ్లు దాంట్ల తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేసిన్రు. ఇప్పటిదాంక ఒక్క ఇల్లు కట్టలే. అన్నకు సద్ది గిన్నె కట్టిచ్చిన.

అన్న డ్యూటీకి పోయిండు. మామ పండుకున్నడు. రూం కూలగొట్టినంక గీ చాప యాడ పరవాలె...