ఆయిలు నట్టు నేను దాచలేదు

కొవ్వూరు,
సోమవారం

పాపాయీ, ఇక్కడ అందరం కులాసా, మన వియ్యంకుడి కారు తప్ప.

అమ్మాయిని పురిటికి తీసుకొచ్చే ముందు కారుకి ఆయిలు మారుద్దామన్నారు. "షెడ్డు ఎందుకండీ, నా పానాలున్నాయిగా" అని నిన్న పెరట్లో కారు కింద దూరాను. పాత ఆయిలు వదలడానికి ఇంజను అడుగు నట్టు విప్పగానే చెయ్యి కాలి వదిలేశాను, ఆయిలుతో పాటు నట్టూ బేసిన్లో పడింది. నేను చేతులు కడుక్కొచ్చేలోగా, చెదలకి మంచిదని వియ్యపురాలు ఆ పాత ఆయిలంతా పశువుల పాక గుంజల మొదట్లో పోసేసింది. నట్టు పేడలో కలిసిపోయింది. కొత్త ఆయిలు డబ్బా, గరాటు పట్టుకుని కూర్చున్నాను. పోస్తే కిందకే కారిపోతుంది.

పెళ్ళిలో వియ్యంకుడి చెప్పులు దాచానుగా, ఇప్పుడు ఒక్కరూ నమ్మరు. "జేబులోది తియ్యండి బావగారూ" అని ఒకటే నవ్వు. రాజమండ్రి వెళ్ళి కొత్తది తెస్తానంటే, "పారిపోదామనా?" అని ఆ మహానుభావుడు గుమ్మం దాటనివ్వడు. శుక్రవారం దాటితే మూఢం, ఇక పిల్లని కదపనివ్వరు. బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది.

మీ తమ్ముడు హరిబాబు చేత అంబాసిడరు ఆయిలు నట్టు ఒకటి కొనిపించి గురువారానికల్లా పంపు. గేదె ఈనిందా? పురిటి గదికి వేసిన సున్నం ఆరిందా?

ఇందాక అమ్మాయి వచ్చి, "అమ్మ దగ్గరికి వెళ్ళాలి నాన్నా, ఇంక ఇచ్చెయ్యి" అని ఏడ్చింది. దాని తల మీద చెయ్యేసి ఒట్టేశాను. అయినా నా జేబులు వెతికింది. నువ్వైనా నమ్ము.

పిల్లలకి దీవెనలు.
పెద్దిరాజు